కాళ్లు పట్టుకునే ఖాజావలి

మా ఖాజావలి బాబాయి అందరి కాళ్లూ పట్టుకుంటాడు. ఉద్యోగం కోసమో ఓటు కోసమో కాదు. నిజంగానే కింద చతికిలబడి, ఎదుటివాడి పాదం ఎత్తి ఒళ్లో పెట్టుకుని, సంతలో వంకాయ తిప్పి చూసినట్టు అరికాలు తిప్పి చూస్తాడు. మనిషి మొహం చూడటం ఆ తర్వాత సంగతి.

"ఏరా, బాగున్నావా?" అనడు. "షుగరుందా?" అంటాడు.

"లేదు బాబాయ్."

"పరీక్ష చేయించావా?"

"లేదు."

"మరి లేదని నీకెవరు చెప్పారు, దేవుడు కల్లోకొచ్చాడా? కాలిటియ్యి."

అద్దంకిలో మా మేనమామ నాగేంద్రబాబు కూతురు శ్రీరమ్య పెళ్లి. పీటల మీద పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నారు. బాబాయి జనాన్ని తోసుకుని పళ్లెంలోకి తొంగిచూశాడు. "కడిగితే సరిపోదు, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవండి. కుడికాలి రెండో సందున ఒరిసింది" అన్నాడు. మంత్రం ఆగిపోయింది. వియ్యపురాలు రెండు పూటలు అన్నం ముట్టలేదు. పెళ్లికొడుకు మాత్రం ఇప్పటికీ సందులు తుడుచుకుంటాడట.

ఈ పిచ్చికి మూలం ఒక దబ్బనం. బాబాయి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కుట్టేవాడు. ఆరేళ్ల కిందట ఒకరోజు పని ముగించి, కిలోమీటరు నడిచి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. రహిమున్నీసా పిన్ని పప్పు వడ్డించబోయి ఆగింది.

"కాల్లో అదేంటి?"

"ఏది?"

బస్తాలు కుట్టే జానెడు సూది మడమలో దిగి ఉంది. "ఓసినీ, పొద్దుట్నుంచి దీని కోసమే వెతుకుతున్నా" అని సంతోషించాడట బాబాయి.

డాక్టరు సంతోషించలేదు. షుగరు ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ట వేస్తే కాళ్ల నరాలు మొద్దుబారిపోతాయనీ, నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమనీ చెప్పాడు. ఆస్పత్రిలో చేరాక వెతికితే చిటికెనవేలి కింద ఇంకో పాత పుండు బయటపడింది. ఆ వేలు దక్కలేదు.

ఇంకొకడైతే మంచమెక్కేవాడు. బాబాయి వేళకి మాత్ర వేసుకున్నాడు, అన్నం సగం చేశాడు, నడక మొదలెట్టాడు. గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టి రోజూ అరికాళ్లు చూసుకున్నాడు. సొంత కాళ్లు రెండు నిమిషాల్లో అయిపోయేవి. మిగిలిన రోజంతా ఊరి కాళ్ల మీద పడ్డాడు. బస్తాలు కుట్టే ప్లాస్టిక్ దారం ముక్కతో పొడిచి "కళ్లు మూసుకుని చెప్పు, ఎక్కడ పొడిచా?" అంటాడు.

"మాత్రలు మానేశా బావా. పంచదార కూడా మానేసి బెల్లం తింటున్నా" అన్నాడు నాగేంద్రబాబు ఒకసారి.

"తలుపేసి కిటికీ తీశావన్నమాట. దొంగ అటునుంచి రాడా మరి?"

నేను రోజూ రాములవారి పాదాలకు దండం పెట్టుకునే ఇల్లు కదులుతాను. పక్కింటివాడి పాదం ఎలా ఉందో మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఊళ్లో బాబాయి చూడని పాదాలు ఒక్కరివే. మా పెద్దమ్మ వెంకటేశ్వరమ్మవి. ఆవిడకి పదేళ్లుగా షుగరు. కానీ వాళ్లిద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. బాబాయి కుట్టిన టిక్కీ ఒకటి ట్రాక్టరు మీద విచ్చుకుని, కాయలన్నీ రోడ్డు పొడుగునా పడ్డాయి. కుట్టు వదులని ఆవిడ, ఎలక కొరికిందని ఈయన. "వాడొచ్చి నా కాళ్లు పట్టుకున్న రోజే మాట్లాడతా" అంది పెద్దమ్మ. "ఊరందరివీ పట్టుకుంటా, ఆవిడవి తప్ప" అన్నాడు బాబాయి.

మొన్న ఫిబ్రవరిలో పెద్దమ్మ కల్లంలో కాయలు ఎండబోసింది. పంట లక్ష్మీదేవి, చెప్పులతో తొక్కకూడదని వట్టికాళ్లతోనే తిరుగుతోంది. నడక తేడాగా అనిపించి అడిగాను.

"కాలేమైనా నొప్పా, పెద్దమ్మా?"

"నొప్పే లేదురా."

ఆ మాటే బాబాయికి చెప్పాను. "నొప్పే లేదందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన మొహంలో నవ్వు మాయమవడం నేను చూసింది అప్పుడే.

కల్లంలో పదిమంది ఆడవాళ్లు తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. బాబాయి వాళ్లందరి మధ్య నుంచీ వెళ్లి పెద్దమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అక్కా, తప్పు నాదే. కుట్టు వదులే. క్షమించు" అని రెండు కాళ్లూ పట్టుకున్నాడు.

ఏరే చేతులు ఆగిపోయాయి. నాలుగేళ్లుగా ఎదురుచూసిన ఘడియ. పెద్దమ్మ మొహం గుమ్మడిపువ్వయింది.

"లేవరా, బాగోదు" అందేగానీ కాలు వెనక్కి తీసుకోలేదు.

"లేవను. ముందు ఎడంకాలు క్షమించాలి. ఇట్టా ఎత్తక్కా."

ఎత్తింది. అరికాల్లో పత్తికట్టె ముక్క విరిగి ఉంది. చుట్టూ చీము.

"ఇదెప్పటిదక్కా?"

"ఏది?" అంది పెద్దమ్మ.

గంటలో ఒంగోలు ఆస్పత్రిలో ఉన్నాం. ఇంకో వారం ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. తొమ్మిది రోజులకి పెద్దమ్మ రెండు పాదాలతో ఇంటికొచ్చింది. చూడటానికొచ్చినవాళ్లకి పుండు సంగతి చెప్పదు. "ఖాజావలి నా కాళ్లు పట్టుకున్నాడు, తెలుసా?" అని మాత్రం చెబుతుంది. బాబాయి ఆ పక్కనే కూర్చుని, అవునన్నట్టు తలాడిస్తాడు.

బయటికొచ్చాక అడిగాను. "నిజంగా నీ కుట్టేనా బాబాయ్ వదులు?"

"ఎలకేరా. ఆ కన్నం నేను కళ్లారా చూశా. కుట్టు చెక్కుచెదరలా."

"మరి ఊరంతా నీదే తప్పనుకుంటోందిగా?"

"తప్పు ఎవరిదైతే ఏంటి, కాలు ఆవిడదేగా" అని గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎలక మాట గట్టిగా అనమాక. విన్నదంటే ఆ కాలితోనే తన్నుద్ది."