ఉస్తరా నా చేతిలో ఉన్న పూట

మా ఆయనకు శాలిబండలో కటింగ్ షాపుంది. కిందటేడు ఆటో తగిలి ఆయన కుడిచెయ్యి విరిగింది. పని మా మరిది చేస్తున్నా, ఈయన రోజూ వెళ్లి కూర్చునేవాడు. "గడ్డం పెంచుకొని షాపుల కూసుంటే గిరాకీ ఏమనుకుంటది? గాళ్ల ముందర తమ్మునితోని గీయించుకుంటనా?" అని తన ఉస్తరా, అదే గడ్డం గీసే కత్తి, నాకిచ్చి గీయడం నేర్పించాడు.

బుగ్గలు సులువే. కష్టమంతా మెడ దగ్గరే. "వెంట్రుక ఎటు పోతే కత్తి గటే పోవాలె. తోలు కిందికి గుంజి పట్టు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు నన్ను మాట్లాడియ్యకు, గుటకేస్తే తెగుతది" అనేవాడు.

నా చెయ్యి కాస్త తిరిగింది. కానీ ఆ రోజు కడుపు మండిపోతోంది. మా అన్న గృహప్రవేశానికి నన్ను పంపలేదు. ఎందుకని అడిగితే టీవీ సౌండ్ పెంచేవాడు. అందుకే కత్తి సరిగ్గా గొంతుముడి మీదికి వచ్చాక అడిగాను.

"మా అన్నోళ్ల ఇంటికి నన్నెందుకు పోనియ్యలే? ఇప్పుడు చెప్పు."

ఆయన కళ్లలో భయం కనిపించింది. నిజం చెప్పాలంటే, అది నాకు నచ్చింది. కత్తి తియ్యలేదు. ఆయన గుటక మింగాడు. తెల్లటి నురగలో ఎర్రటి గీత పడింది.

గాటు మీద పటిక అద్దాను. ఆయన మిగిలిన నురగ తుడుచుకుని షాపుకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తీసుకుని షాపుకు వెళ్తే, ఎవరో ఆ గాటు గురించి అడుగుతున్నారు. "ఎడమ చేత్తోని నేనే గీక్కున్న భాయ్" అంటున్నాడు, ఇన్నేళ్లలో ఒక్కరి మెడకూ గాటు పడనివ్వని మనిషి. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్లీ నా ముందు తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. అదే ప్రశ్న మళ్లీ అడిగాను, కత్తి మడిచి పక్కన పెట్టాక.