పెద్ద పంతులమ్మ దగ్గదు

ఆ రోజుల్లో ఆడవాళ్లున్న చోటికి మగవాడు వస్తుంటే ముందు దగ్గు వచ్చేది, వెనక మనిషి వచ్చేవాడు. లాల్‌దర్వాజాలోని మా ఆడపిల్లల బడికి పెద్దసారుగా ఉన్నాయనకు ఈ మర్యాద ప్రాణంతో సమానం. ప్రతి తరగతి గుమ్మం ముందూ ఆగి, నిండుగా ఒక దగ్గు దగ్గి, మేం కొంగు తలమీదికి లాక్కునేదాకా గోడను చూస్తూ నిలబడేవారు. సర్దుకునేది కొంగొక్కటే అయితే ఈ కథే లేదు. నేను అప్పుడే మెట్రిక్ గట్టెక్కి (పాసై అంటే గొప్పలు పోయినట్టుంటుంది) నాలుగో తరగతికి పంతులమ్మనయ్యాను. మధ్యాహ్నం లెక్కల వేళ మా చాప కింద సుద్దతో గీసిన అష్టాచెమ్మా గళ్లుండేవి. దగ్గు వినబడగానే గవ్వలు నా పిడికిట్లోకి, చాప గళ్ల మీదికి, ఎక్కాలు పిల్లల నోళ్లలోకి వచ్చేసేవి. సారు తృప్తిగా తల ఊపి, పక్క తరగతి ముందు దగ్గడానికి వెళ్లేవారు.

నిజానికి బడిని నడిపింది మేమంతా పెద్దక్క అని పిలిచే మా సీనియర్ పంతులమ్మ. బరువు ఆమెది, పరువు పెద్దసారుది. పెద్దసారు మారినప్పుడల్లా బయటినుంచి ఇంకో సారు రావడం, ఏ గది ఎక్కడుందో మొదలు ఏ పిల్ల ఎందుకు ఏడుస్తుందో దాకా ఆమే ఆయనకు నేర్పడం ఆనవాయితీ. ఈ సారు కూడా రిటైరవుతున్నారని తెలియగానే ఆ కుర్చీ నాకివ్వండని పెద్దక్క స్వయంగా బడి కమిటీని అడిగింది. లాల్‌దర్వాజా గల్లీలన్నీ ఆ వారం ఆ మాటే మాట్లాడుకున్నాయి. "ఈసారి గూడ ఇయ్యకుంటే, ఇంకొక్క సారుకు పని నేర్పుకుంటనే ముసలిదాన్నయిత పిల్లా" అంది నాతో. పోటీకి కమిటీ పెద్ద వకీల్ సాబ్ మేనల్లుడే దిగాడు.

ఇంటర్వ్యూకి మగవాళ్ల మధ్య ఆడమనిషి ఒంటరిగా కూర్చోకూడదని, తోడుగా నన్ను పంపారు. (తోడుకు నేను ఎంత పనికొస్తానంటే, ఆమె ముందుకెళ్లి కుర్చీలో కూర్చుంది, నేను ఆమె వెనక నక్కాను.) మా ఎదుటే మేనల్లుణ్ని ముందు పిలిచారు. ఆడపంతులమ్మలతో ఎలా మెలుగుతావని అడిగితే, మా మేనమామ చెప్పాడని గుమ్మంలోకి వెళ్లి దగ్గి చూపించాడు. మంచి కంచు దగ్గు. కమిటీ మొత్తం మెచ్చుకుంది.

పెద్దక్కనైతే, గల్లీలో లొల్లి అయితే ఎవరు చూస్తారని, విద్యాశాఖ ఆఫీసుకు ఎవరు తిరుగుతారని, ఇంట్లో ఏమంటారని అడిగారు. ఆఫీసుకు ఇన్నాళ్లూ తిరిగింది తనేనని, లొల్లి అయితే పెద్దసారు తననే పంపేవారని ఆమె నిమ్మళంగా చెప్పింది. ఇక అడగడానికేం మిగల్లేదని నేననుకునేలోగా, కమిటీలోని ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"గదంత సరేనమ్మా. క్లాసుల ముందల సారు దగ్గి పోతుండె, గదొక అదబ్, మర్యాద. నువ్వు ఆడమనిషివి, ఎట్ల దగ్గుతవు?"

"నేను దగ్గ, సాబ్."

"మరి?"

"ఇన్నేండ్లు సారు దగ్గిండు, అందరం సర్దుకున్నం. బడి ఎట్ల నడుస్తదో ఆయన ఒక్క దినం గూడ చూడలే. నేను ఆడిదాన్ని, నాకు దగ్గే ఫికరే లేదు. సీదా లోపలికి పోత, ఉన్నదున్నట్టు చూస్త. మీకు దగ్గెటోళ్లు గావాల్నా, చూసెటోళ్లు గావాల్నా?"

వకీల్ సాబ్ కళ్లజోడు తీసి నావైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా? దగ్గు ఇనంగనే సర్దుకుంటరా?"

అవునంటే నా అష్టాచెమ్మా పోతుంది. కాదంటే పెద్దక్క కుర్చీ పోతుంది. ఆమె నావైపు చూడనైనా చూడలేదు, అదే నాచేత నిజం చెప్పించింది.

"నిజమే సార్. మస్తు సర్దుకుంటం."

"మా మనుమరాలు నీ క్లాసులనే గదా?"

"అవును సార్."

"ఎక్కాలడిగితె దిక్కులు చూస్తది. అష్టాచెమ్మాల మాత్రం రోజూ నన్ను ఓడగొడుతది. ఏడ నేర్చుకున్నదోనని ఇన్ని దినాలు పరేషాన్‌ల ఉన్న" అని, వకీల్ సాబ్ మేనల్లుడి దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దక్క పెద్ద పంతులమ్మ అయింది. ఆమె కుర్చీలో కూర్చున్న మొదటి మధ్యాహ్నమే, అంత తొందరగా రాదులే అనుకుని, నా కాయ పండడానికి ఇంకొక్క గడి ఉండగా, నేను గవ్వలు గలగలలాడించి చెయ్యి పైకెత్తేసరికి పిల్లలంతా బొమ్మల్లా బిగుసుకుపోయారు. తిరిగి చూస్తే చాప అంచున ఆమె కూర్చుని ఉంది.

"ఎయ్యి పిల్లా, చేతులనే వెట్టుకుంటవా? ఆట అయినంక భాగహారం చెప్పు, నేను గూడ ఇంట."

ఆట ఏమైందో గుర్తులేదు. భాగహారం మాత్రం తప్పు చెప్పాను. ఆమె మర్నాడు మళ్లీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. వానలు మొదలయ్యేసరికి పిల్లలకు భాగహారం వచ్చింది, వాళ్లకన్నా కాస్త ముందు నాకూ వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత అదే కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు, కూర్చోబెట్టే దాకా ఆమె ఊరుకోలేదు. పెద్దక్క గెలవాలని మహంకాళమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నది బడి మొత్తంలో నేనొక్కదాన్నే, గెలిచాక భయపడిందీ నేనొక్కదాన్నే. తన కొంపకే నిప్పు పెట్టుకుంటున్నానని తెలియక, అంత మంచి కోరిక కోరుకున్న ఆ వెర్రిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్దొస్తుంది.