హాజరు పట్టీలో లేని ఇద్దరం

పదిహేడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

పదో తరగతితో చదువు ఆగిన నేను లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లోని ఒక కాలేజీలో లెక్కల మాస్టారు నన్నూ స్టెల్లానూ చివరి బెంచీలో కూర్చోనిచ్చారు. పరీక్ష లేదు, పట్టా లేదు, వినడమే. స్టెల్లా గని కార్మికుడి కూతురు. గని మూతపడ్డాక చదువు మాని బట్టలు కుట్టేది. జవాబు నేను ముందు చెప్పేవాణ్ణి. ఆ జవాబే ఎందుకు వస్తుందో ఆమె చెప్పేది.

ఒకరోజు మాస్టారు సెలవు. ప్రిన్సిపాల్ వచ్చి, తలలు ఎక్కువున్నాయని హాజరు నెంబర్లు పిలిచారు. ముప్పై ఒకటో నెంబరు కుర్రాడు ఆ రోజు రాలేదని నాకు తెలుసు. దానికి నేను పలికాను. మిగిలింది స్టెల్లా ఒక్కతే. బయటికి పొమ్మన్నారు. కూర్చోనిచ్చిన మాస్టారికి మాట వస్తుందనేమో, ఆమె ఆయన పేరు ఎత్తకుండా వెళ్లిపోయింది.

గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"అడ్మిషన్ అయిపాయనా అన్నా? నాకు చెప్పనే లేదే."

"ఊ," అన్నాను.

"తల దించుకుంటావేల? మనిద్దర్లో ఒకరికన్నా నెంబరొచ్చె. ఇంగ నువ్వు ఫెయిలైతే మాత్రం నేను ఊరుకోనప్పా," అని నవ్వింది.

వారం తర్వాత మాస్టారు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి మా ఇద్దరికీ కాగితం మీద అనుమతి తెచ్చారు. ఆమెను రమ్మని చెప్పే పని నాకు అప్పగించారు. వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను. ఆమె వస్తే, నాకూ నెంబరు లేదని మొదటి హాజరులోనే తెలిసిపోతుంది. వెనక్కి వచ్చేశాను. ఆమెకు మాలూరులో ఫ్యాక్టరీ పని దొరికిందని, ఇక రాదని మాస్టారితో చెప్పాను. నాలుగు నెలలకు అదే నిజమైంది.

భయం వల్లనేనా? ఇన్నాళ్లూ అలాగే చెప్పుకున్నాను. కానీ ఆ ఏడాదంతా ఎందుకో చెప్పేవాళ్లు లేని తరగతిలో, జవాబు ముందు చెప్పే నా వైపే అందరూ తిరిగి చూశారు. అది నాకు నచ్చలేదా? నచ్చింది.

పోయిన నెల స్టెల్లా బంగారుపేట ప్లాట్‌ఫారం మీద కలిసింది. ఇప్పటికీ ఫ్యాక్టరీకి వెళ్లే మాలూరు రైలే. పక్కనున్న కూతురికి నన్ను చూపించి, ఈయన డిగ్రీ చదివిన మనిషని, లెక్కల్లో ఏం రాకపోయినా అడగమని చెప్పింది. నేను కాదనలేదు. రైలు వచ్చింది.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఆమెకు ఎదురుగా చెప్పగలనని మాట కూడా ఇవ్వలేను. ఒక్క వాక్యం రాయడం మాత్రం ఈ రోజు చేతనైంది. స్టెల్లా, నీకు అనుమతి వచ్చింది.