గ్రూపు ఫొటోకి ఎన్ని గళ్లు?

అమలాపురంలో నేను పనిచేసిన ఫొటో స్టూడియోకి రోడ్డు వైపు ఒక అద్దాల బోర్డు ఉండేది. తొంభైల్లో దాని మీద పెళ్లి ఫొటోలు అతికించే పని నాదే. నిలువుగా మూడు వరసలు, పొడుగు ఫొటో కింద పొట్టిది, మధ్యలో వెనకున్న చెక్క కనపడకూడదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూస్తుంటే లోపలున్న నాకు ఎంత గర్వమో.

రెండువేలు దాటాక ఓనరుగారు కంప్యూటరు కొన్నారు. దాంతోపాటే రాజోలు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కోర్సు చేసిందట. నేనూ సాయంత్రాలు కంప్యూటరు సెంటరుకి వెళ్లి నేర్చుకున్నదాన్నే, ఆ సంగతి ఎవరికి గుర్తుంది?

"స్టూడియోకి వెబ్ పేజీ కావాలి. ఇద్దరూ చెరొకటి చెయ్యండి. ఎవరిది బాగుంటే వాళ్లది కంప్యూటరు కుర్చీ, రెండోవాళ్లు కౌంటరు చూసుకోండి" అన్నారాయన.

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా. ఆ కొమ్ములు విరగాలని రోజూ దండం పెట్టుకున్నాను.

నేను తెరని మూడు సమానమైన నిలువు గళ్లు చేసి, ప్రతి ఫొటోనీ గడి వెడల్పుకి కుదించాను. ఆ అమ్మాయి గడికి వెడల్పే ఇవ్వలేదు. లోపలున్న ఫొటోని బట్టి గడే సర్దుకుంటుందట. ఎంత ధీమా!

పేజీలో పెట్టింది ముక్తేశ్వరంవాళ్ల పెళ్లి. పెళ్లికూతురి తల్లి చూడ్డానికి వచ్చారు. ముందు నాది తెరిచాను. ఆవిడ కళ్లజోడు సవరించుకున్నారు.

"గ్రూపు ఫొటోలో మా పెద్దాడపడుచుగారేరమ్మా? అందరూ పెసరగింజల్లా ఉన్నారు. ఆవిడ కనపడలేదంటే గోదారి దాటొచ్చి మరీ దెబ్బలాడతారు."

నా మొహం మాడిపోయింది. తర్వాత ఆ అమ్మాయిది తెరిస్తే, గ్రూపు ఫొటో ఉన్న గడి ఉబ్బి సగం తెర మింగేసింది. పక్క గళ్లలో ఫొటోలు సన్నగా సాగిపోయాయి.

"ఇదేంటమ్మా, మా పిల్ల చీపురుపుల్లయిపోయింది?" అన్నారావిడ.

హమ్మయ్య అనుకున్నాను. ఆ సంతోషం ఆవిడ కాఫీ తాగేంతసేపే ఉంది. ఈలోపు ఆ అమ్మాయి గళ్ల వెడల్పుని మామూలు ఫొటోలకి తగ్గట్టు పెట్టి, గ్రూపు ఫొటోకి మాత్రం రెండు గళ్లు కలిపి ఇచ్చేసింది. ఆడపడుచుగారు కనపడ్డారు. పెళ్లికూతురు కాస్త ఒళ్లు చేసింది.

"ఆయ్, ఇప్పుడు బాగుందమ్మా" అన్నారావిడ.

ఓనరుగారు నా వైపు చూడకుండానే కుర్చీ ఆ అమ్మాయి వైపు జరిపారు. మాటకి తేనె పూసి అడిగాను. "ఈ కిటుకు ఏ సెంటర్లో చెప్పేరమ్మా నీకు?"

"సెంటర్లో కాదండీ. కాలేజీకొచ్చే రోజుల్లో బస్సు కోసం ఇక్కడే నిలబడేదాన్నండీ. అద్దాల బోర్డులో గ్రూపు ఫొటో ఎప్పుడూ రెండు వరసల మీద పరిచి ఉండేదండీ. అది పెట్టింది మీరే కదండీ, అక్కా?"

ఆయ్ అన్నాను. నేనే. కంప్యూటరు ముందు కూర్చున్నాక నాకది తట్టనే లేదు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మీద కుళ్లుకోవడానికి సాకు కూడా లేకుండా పోయింది. అయినా కౌంటరు దగ్గర కూర్చుని సాయంత్రం దాకా కుళ్లుకుంటూనే ఉన్నాను.