‘కన్నీటి మిరప’ చూసి నవ్విన ఊరు

నల్ల తామర పురుగు మన మిరప చేలలోకి కొత్తగా దిగిన ఏడాది నేను అద్దంకికి అవతల ఒక మండలంలో వ్యవసాయాధికారిగా పనిచేస్తున్నాను. మా శాఖలో ఈ ఉద్యోగాన్ని ఏఓ అంటారు. ఏఓకి పైన డివిజన్‌కొక ఏడీ, ఆయనకు పైన జిల్లాకొక జేడీ ఉంటారు. కింద ఊరికొక సహాయకుడు ఉంటాడు. ఉత్తర్వులు పైనుంచి వస్తాయి, తిట్లు కిందనుంచి వస్తాయి, రెండూ వచ్చి ఆగేది ఏఓ దగ్గర. రిటైరయ్యాక, “మీ ఉద్యోగంలో అసలేం చేసేవారండీ?” అని అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్క సంగతే చెబుతుంటాను. ఊరి పేరు మాత్రం రాయను. రాశానంటే ఆ ఊరివాళ్ళు ఆటో కట్టించుకుని మా ఇంటికొచ్చి మరీ వెక్కిరిస్తారు.

ఈ పురుగు కంట్లో పడ్డ నలకంత ఉంటుంది. పూలలో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, పూత లేకపోతే కాయ లేదు. రైతులు హడలిపోయి నాలుగైదు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేవారు. దాంతో ఈ పురుగును తినే మంచి పురుగులు చచ్చేవి, ఇది మాత్రం హాయిగా బతికేది. మేము చెప్పేది చాలా చిన్న విషయం. నీలి రంగు జిగురు అట్టలు మొక్క తలకు కాస్త పైగా కట్టాలి, గట్ల మీద కలుపు పీకాలి, వేపనూనెను సబ్బునీళ్ళతో కలిపి ఎండ తగ్గాక కొట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఊరంతా కలిసి చేయాలి. ఒక్క చేను వదిలేసినా పురుగు అక్కడ పెరిగి పక్క చేలమీద పడుతుంది.

ఆ ఊళ్ళో వదిలేసిన ఆ ఒక్క చేను కోటేశ్వరరావుగారిది. ఆయన నా మీటింగు దేనికీ రాలేదు. “గవర్నమెంటోళ్ళు చెప్పిందల్లా చేస్తే మనకి బుర్రెందుకు?” అనేవారట. ఆయన చేను గాలికి ఎగువన ఉండేది. దాని పక్కనే మస్తాన్‌బీ కౌలుకు చేసే చేను. మస్తాన్‌బీ భర్త మార్టూరులో రాయి పాలిష్ పనికి పోతే, సేద్యమంతా ఆమే చూసుకునేది. నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. అయినా రోజూ పొద్దున్నే ఎగువ చేనునుంచి కొత్త పురుగు దిగేది, ఆమె పూత రాలేది. ఒకరోజు రాలిన పూత కొంగులో పోసుకుని వచ్చి నా బల్ల మీద గుమ్మరించింది. “మేడమ్‌గారూ, నేనేం తప్పు చేశానో చెప్పండి. తప్పేం చెయ్యలేదంటారా, అయితే ఆ కోటేశ్వరరావన్న చేత మీరు చేయించండి. ఇంకో పదిహేను రోజులు ఇట్టాగే ఉంటే నా చేలో పీకడానికి మొక్కలే మిగుల్తాయి” అంది. అంత సిగ్గేసిన రోజు నా సర్వీసులో మరొకటి లేదు.

సరిగ్గా అప్పుడే జేడీగారికి ఒక ఆలోచన వచ్చింది. జనం టీవీ సీరియళ్ళు విడవకుండా చూస్తారు కాబట్టి, పురుగు గురించి సీరియల్‌లాగే ఒక చిన్న సినిమా తీయిస్తే సరి అని. నిజంగానే సీరియళ్ళు తీసే దర్శకుణ్ణి పిలిపించారు. పేరు ‘కన్నీటి మిరప’. షూటింగ్ నా మండలంలోనే. సాంకేతిక సలహాలు ఇవ్వడం, అధికారి వేషం వేయడం నా విధులని ఉత్తర్వులో రాశారు. సలహాలు ఇచ్చాను. “సార్, అట్ట అంత ఎత్తున కట్టకూడదండీ” అంటే, “మేడమ్, కింద కడితే ఫ్రేములో హీరో మొహానికి అడ్డం వస్తుంది” అన్నాడు. “పూత దశలో పండుకాయలు ఉండవండీ” అంటే, “ఎరుపు లేకపోతే ఎమోషన్ ఎక్కడిది మేడమ్?” అన్నాడు. ఆ తరువాత సలహాలు మానేసి నా వేషం నేను వేసుకున్నాను. నాకున్నది ఒకే డైలాగు: “ఏమిటీ! పూతంతా రాలిపోయిందా?”

సినిమా పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపారు. ప్రతి ఊళ్ళో వేయాలి, ఒక్క ముక్క కూడా కత్తిరించకూడదు, రైతులు శ్రద్ధగా చూస్తున్న ఫోటోలు తీసి పంపాలి, ఇవీ ఆదేశాలు. మా పద్ధతిలో ఫోటో లేని కార్యక్రమం జరగనట్టే లెక్క. మస్తాన్‌బీ ఊళ్ళో పత్తి దాచే రేకుల షెడ్డులో తెర కట్టించాను. రాత్రికి జనం పత్తి కుక్కిన బోరేల మీద సర్దుకుని కూర్చున్నారు. షెడ్డుకి ఎదురుగా వీధి అవతల కోటేశ్వరరావుగారి అరుగు. ఆయన ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని, లోపలికి రానని అందరికీ కనిపించేలా అటు తిరిగి చుట్ట కాల్చుకుంటున్నారు.

సినిమా మొదలైంది. హీరో పేరు ఆనందరావు, ఆదర్శ రైతు. ఇస్త్రీ మడత నలగని తెల్ల బట్టలు, కాళ్ళకు నల్ల బూట్లు, వాన పడ్డ నల్లరేగడిలో నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. వెనక వీణ వాయిస్తున్నారు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు, “ఒరేయ్, బూట్లకి మట్టంటలేదురా! ఈడు నడవట్లా, తేలతన్నాడు!” అంది. అంతే, ఒక్కసారిగా షెడ్డు గొల్లుమంది.

ఆ తరువాత ఇక ఆపేవాళ్ళు లేరు. మొక్కలకు పండు మిరపకాయలు దారాలతో కట్టారు, అది కూడా తలకిందులుగా, ముచ్చికలు కిందికి. “మిరక్కాయలు ఆకాశం వంక చూస్తన్నాయేందే! వానకి మొక్కుతున్నాయా?” అని ఒకామె అరిచింది. ఆనందరావు భార్య పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని కలుపు తీయడానికి వచ్చి, కలుపు వదిలేసి మిరప మొక్కనే పీకి గుండెకు హత్తుకుని ఏడ్చింది. “అమ్మా, నీ ఏడుపుకి కారణం నువ్వేనమ్మా!” అన్నారెవరో. పురుగు వేషం వేసింది మంచి భారీ మనిషి. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజాలకు అట్ట రెక్కలు. గట్టు వెనకనుంచి తల ఎత్తి “హహహ” అని నవ్వాడు. “ఈ పురుగెక్కితే మొక్కిరుగుద్ది, ఇక రసమెందుకు పీల్చడం!” అన్నారు జనంలోనుంచి.

అంతలో నేను వచ్చాను. అంటే తెర మీదికి. “ఏమిటీ! పూతంతా రాలిపోయిందా?” అన్నాను. సీరియల్ పద్ధతి ప్రకారం అదే మాట ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి, చివరికి నా ముక్కు మాత్రమే కనిపించేంత దగ్గరనుంచి ఒకసారి చూపించారు. ప్రతిసారీ పిడుగు పడ్డ శబ్దం. “అయ్యో, మేడమ్‌ని తేలు కుట్టింది!” అంది ముందు వరసలో ఒక ముసలమ్మ, నిజంగానే కంగారుపడి. తెర పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది. ప్లగ్గు పీకేద్దామా అనుకున్నాను. కానీ ఎదురుగా మస్తాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఆమె నవ్వగా అదివరకు నేను చూడలేదు. దాంతో నాకూ నవ్వాగలేదు.

తల తిప్పి చూద్దును కదా, గుమ్మంలో కోటేశ్వరరావుగారు! ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే తానొక్కరే అరుగు మీద కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. “ఏందిరా, ఏందా గోల?” అంటూ లోపలికొచ్చారు. సరిగ్గా అప్పుడే ఆనందరావు నిచ్చెన వేసుకుని వెదురు గడ చివర నీలి అట్ట కడుతున్నాడు. కోటేశ్వరరావుగారు ఒక్క క్షణం చూశారు. “ఓరి నీ దుంపతెగ! అంతెత్తున కడితే దానికి గద్దలంటుకోవాలిరా, పురుగులంటుకోవు!” షెడ్డంతా చప్పట్లు. ఆ చప్పట్లతో ఆయన ఇక వెనక్కి పోలేదు. ఆనందరావు మిట్టమధ్యాహ్నం, గాలికి ఎదురుగా నిలబడి, మూతికి గుడ్డైనా లేకుండా, నవ్వుతూ మందు కొడుతున్నాడు. “కొట్టరా కొట్టు! మొక్కకి కాదు, నీ మూతికి పడతంది. ముందు పురుగు చస్తదో నువ్వు చస్తావో చూద్దాం!”

సినిమా అయిపోగానే “ఇంకోసారెయ్యండి మేడమ్!” అని అరిచారు. మా శాఖ కార్యక్రమానికి అలాంటి కోరిక రావడం నేనెరగను. మళ్ళీ వేశాను. ఈసారి కోటేశ్వరరావుగారు పత్తి తూకం వేసే కర్ర ఒకటి అందుకుని తెర పక్కకే వచ్చి నిలబడ్డారు. నాకప్పుడు ఒక ఉపాయం తట్టింది. అట్ట కట్టే దగ్గర సినిమా ఆపి, “అయితే ఎక్కడ కట్టాలండీ?” అని అమాయకంగా అడిగాను. ఆయన కర్రతో చూపించారు. “ఇదిగో, ఇక్కడ. మొక్క తలకి జానెడు పైన.” “మరి మందో?” “చల్లబడ్డాక కొట్టాలి, గాలికి వీపు పెట్టి. ఆ నాలుగు డబ్బాలూ కలిపి పొయ్యకూడదు. వేపనూనె సబ్బునీళ్ళలో ముందు బాగా గిలక్కొట్టాలి.” ఇన్నాళ్ళూ నేను మైకులో చెప్పినవన్నీ ఆయన అరుగు మీద కూర్చుని అక్షరం పొల్లుపోకుండా విన్నారన్నమాట. వినబడక కాదు, ఎవరో చెప్పారని చేయడం ఇష్టంలేక చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను మస్తాన్‌బీ చేలో ఉన్నాను. ఎగువ చేలో కోటేశ్వరరావుగారు వీపుకు ట్యాంకు కట్టుకుని ఎండలో దిగారు. గట్టుమీద నాలుగు రకాల మందు డబ్బాలు. రాత్రి చెప్పింది రాత్రికే మరిచిపోయారు, లేదా అది సినిమాకి మాత్రమే అనుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోతుంటే మస్తాన్‌బీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గట్టెక్కి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, “ఏం ఆనందరావన్నా, బూట్లేసుకోలేదా ఇయ్యాల?” అని అరిచింది.

చుట్టుపక్కల చేలలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు ఒక్కసారి తలలెత్తి చూశారు. ముందొకరు నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. “ఆనందరావో!” అని ఒక చేనునుంచి, “వీణ వాయించమంటావా?” అని ఇంకో చేనునుంచి. కోటేశ్వరరావుగారు ఎర్రబడ్డారు. మస్తాన్‌బీ వైపు చూశారు, నా వైపు చూశారు. కోపంతో ఎదురు తిరిగితే ఆమె పంట గతి అంతే. ఆయన ట్యాంకు దించి, “నోరు పెద్దదమ్మా నీది” అన్నారు. తరువాత నవ్వేశారు. “సరేలే, ఆ నీలి అట్టలు ఇంకేమన్నా ఉంటే పంపమను మేడమ్‌ని.” నేను పక్కనే ఉన్నా, నన్నడగలేదు. ఆమెతోనే అన్నారు. నాకేమీ బాధ కలగలేదు. పొద్దు వాలేలోగా ఆయన చేనంతా అట్టలు కట్టించాను.

అక్కడినుంచి ఆనందరావు నా మండలమంతా తిరిగాడు. గాలికి ఎదురుగా మందు కొట్టినవాడు ఆనందరావు. మందులు కలిపి పోసినవాడు ఆనందరావు. మధ్యాహ్నం ట్యాంకు ఎత్తితే చాలు, పక్క చేనునుంచి వీణ మోత నోటితో వాయించేవారు. ఏ జరిమానాకూ భయపడనివాళ్ళు కూడా ఆ పేరుకు భయపడ్డారు. పక్క ఊళ్ళవాళ్ళు “మా ఊళ్ళో కూడా ఆ సినిమా వెయ్యండి” అని నాకు ఫోన్లు చేశారు. మస్తాన్‌బీ చేలో పాత పూత పోయింది పోగా, కొత్త పూత నిలిచింది. బ్రహ్మాండమైన పంట అని చెప్పను. కాయ కోసింది, కల్లంలో ఆరబోసింది, మళ్ళీ ఏడు కూడా ఆ చేను ఆమే చేసింది.

ఫోటోలు జిల్లాకు చేరాయి. ఇంత కన్నీటి సినిమా చూసి రైతులు నవ్వుతున్నారేమని జేడీగారు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పాపం, ఆయన మనిషి మంచివాడు. తప్పులున్నాయని తెలిసి చాలా నొచ్చుకున్నారు. మరుసటి ఏడు వేరే దర్శకుడితో కొత్త సినిమా తీయించారు. అందులో ఒక్క తప్పు లేదు. పూత తెల్లగా, అట్ట మొక్క తలకు జానెడు పైన, రైతు మూతికి గుడ్డ. అదే షెడ్డులో వేశాను. జనం మర్యాదగా కూర్చున్నారు. కాసేపటికి ముందు వరసలో ముసలమ్మ గురక మొదలైంది. కోటేశ్వరరావుగారు కూడా వచ్చారు. కొంచెంసేపు చూసి, లేచి తువ్వాలు దులుపుకుని, “బాగుందండీ” అని వెళ్ళిపోయారు. వెళ్ళాక బయట ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. జిల్లావాళ్ళు వెనక్కి తీసుకున్న పాత పెన్‌డ్రైవ్ మళ్ళీ ఇవ్వమని అడిగాను. తప్పులున్న కారణంగా ఉపసంహరించినట్టు రాతపూర్వకంగా జవాబు వచ్చింది.

తప్పులేని సినిమాను జనం చూస్తారు, తప్పుల సినిమాను సరిదిద్దుతారు. సరిదిద్దిన మనిషి మర్నాడు అదే తప్పు చేయడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు పుట్టించడం నా ముప్పై ఏళ్ళ మైకు వల్ల కాలేదు. అందుకే ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ ఊళ్ళో శనగ విత్తనానికి మందు పట్టించే పని చూపించాల్సి వచ్చినా, ముందు నేనే కింద కూర్చుని విత్తనాలు ఒకచోట పోసి, మందు ఇంకోచోట పోసి, చేతులు దులుపుకుని “అయిపోయిందండీ” అనేదాన్ని. వెనక వరసలో ఎవరో ఒకరు ఫక్కున నవ్వి, “అట్టా కాదు మేడమ్, లేవండి” అంటూ ముందుకొచ్చేవారు. నేను లేచి పక్కకు జరిగి, మందు డబ్బా వాళ్ళ చేతికిచ్చేదాన్ని.