హంస మెడ దగ్గరి ముడత

2025 జూన్. విజయవాడ భవానీపురంలో రహమత్ గారి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కార్ఖానా. అక్కడ నేను పన్నెండేళ్లుగా డిజైనర్‌ని. ఆ నెలలో నాకు జరిగిన అన్యాయాలను నా డైరీలో ఉన్నవి ఉన్నట్టుగా ముందుగా నమోదు చేస్తున్నాను.

జూన్ 9: కంటి పరీక్షకు నేను సెలవు పెట్టిన రోజున, నా కంప్యూటర్‌లోని విండోస్ తీసివేసి లినక్స్ ఎక్కించారు. నాకు ముందుగా తెలియజేయలేదు.

జూన్ 12: నా సొరుగులోని డిజైన్ రిజిస్టరును నన్ను అడగకుండా తీసుకున్నారు.

జూన్ 19: పదేళ్లుగా ఏ పనికైనా నన్నే అడిగే కస్టమర్ ఉయ్యూరు పద్మావతి గారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగా, "నస్రీన్ గారు లేరా అండీ?" అన్నారు.

జూన్ 20: హంస డిజైన్ జాబ్ కార్డులో, అంటే ఆ పని ఎవరు చేశారో రాసే కార్డులో, నా పేరు లేదు. నస్రీన్ పేరు ఉంది.

మా పని గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. జాకెట్టు మీద కుట్టేది యంత్రమే అయినా, సూది ఎక్కడ దిగాలో ప్రతి కుట్టుకూ నిర్ణయించేది డిజైనర్. దీన్ని డిజిటైజింగ్ అంటారు. యంత్రానికి ఇచ్చే డీఎస్‌టీ ఫైలులో సూది దిగే చుక్కలు మాత్రమే ఉంటాయి. ఆ చుక్కలు అక్కడే ఎందుకు ఉన్నాయన్న ఆలోచన, అంటే కుట్ల దిశ, కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం, ఇవన్నీ డిజైన్ సాఫ్ట్‌వేర్ తన సొంత ఫైలులో దాచుకుంటుంది. నేను వాడే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. అందుచేత జూన్ 10 ఉదయానికి నా పన్నెండేళ్ల డిజైన్లూ ఉత్త చుక్కలుగా మిగిలాయి.

"ఎవరి అనుమతితో తీశారండీ?" అని రహమత్ గారిని అడిగాను.

"మాస్టారూ, కొత్త విండోస్ ఈ డబ్బాలోకి ఎక్కదంట. పాతదానికి ఇంక అప్‌డేట్లు రావంట. కస్టమర్ల పెన్‌డ్రైవుల్లో వచ్చే వైరస్‌తో ఇప్పటికే రెండుసార్లు చచ్చాం కదా! నస్రీన్ చెప్పింది, వేసేశాం."

"మరి నా సాఫ్ట్‌వేరు?"

"అదీ నస్రీనే చూస్తోందిలెండి. మీరు టీ తాగండి ముందు."

నస్రీన్ పటమటలో ఒక బొటిక్‌లో పనిచేసి, మూడు నెలల క్రితమే మా దగ్గర చేరింది. వయసులో నాకు సగం. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ అనే ఏర్పాటుతో నా సాఫ్ట్‌వేర్‌ను తెరవడానికి ఆమె ఒక రోజంతా ప్రయత్నించింది. దానికి అనుమతినిచ్చే డాంగిల్‌ను, అంటే వెనుక గుచ్చే తాళంచెవి వంటి పరికరాన్ని, కంప్యూటర్ గుర్తించనే లేదు. నాకు సంతోషం కలిగింది. ఆ సంగతి కూడా డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఆమె ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఇంక్‌స్టిచ్ అనే ఉచిత అనుబంధాన్ని చేర్చింది. అది డిజిటైజింగ్ చేస్తుంది. కానీ పాత డిజైన్లను అందులో మళ్లీ మొదటి నుంచి కట్టాలి. అందుకు కొలతలు కావాలి. అవి ప్రపంచంలో ఒక్కచోటే ఉన్నాయి: నా రిజిస్టరులో. డిజైనుకు ఒక పేజీ. అసలు పట్టు మీద కుట్టే ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసే ట్రయల్ ముక్కను ఆ పేజీకి పిన్ను చేసి, పక్కన తేదీ, కుట్ల దూరం, ఫలితం రాస్తాను.

జూన్ 13న రిజిస్టరు ఆమె బల్ల మీద కనిపించింది.

"నా సొరుగు తెరిచే అధికారం నీకెవరిచ్చారమ్మా?"

"తప్పే మాస్టారూ. అడిగితే ఇవ్వరని భయపడ్డాను."

"ఇచ్చేవాణ్ణి కాను."

"అందుకేనండీ మరి!" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపుకుని హంస పేజీ నా వైపు తిప్పింది. "తొమ్మిది ట్రయల్స్ ఉన్నాయి. మెడ దగ్గర ముడత వచ్చిందని తొమ్మిదిసార్లూ మీరే రాశారు. రాసిన ప్రతిసారీ కుట్లు ఇంకా దగ్గరికి జరిపారు. జరిపినకొద్దీ ముడత పెరిగింది. వరసగా ముట్టుకుని చూడండి."

ముట్టుకున్నాను. మొదటి ముక్క కంటే తొమ్మిదోది గరుగ్గా, బిగుసుకుని ఉంది. నేను ఏ ట్రయల్‌నూ దాని ముందరి దానితో పోల్చి చూడలేదు. ముడతను తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయించి, అప్పగించేవాణ్ణి. ఆ తరువాత ఒక ఉతుకుకు ఏమవుతుందో చూడవలసిన అవసరం నాకు రాలేదు.

ఆమె కుట్లను దూరం జరిపి, వాటి కింద అండర్‌లే, అంటే బట్టను ముందుగా పట్టి ఉంచే పలుచని అడుగు కుట్టు, అడ్డంగా వేసింది. హంస మెడ బల్లపరుపుగా వచ్చింది.

పద్మావతి గారు పదేళ్ల క్రితం నా చేత అదే హంసను కుట్టించుకున్నారు. ఇప్పుడు తోటికోడలి కోసం అదే కావాలన్నారు. 19వ తేదీన వచ్చి కొత్త జాకెట్టును చేతిలోకి తీసుకుని, "నా దానికి ఇక్కడ ముడుచుకుపోయేది మాస్టారూ. పైట అటు లాక్కుని కప్పుకునేదాన్ని. ఇది చూడండి, ఎంత బావుందో! ఈ పని చేసిన నస్రీన్ గారు లేరా అండీ?" అన్నారు.

"ఇన్నేళ్లలో నాకొక్కసారీ చెప్పలేదేమండీ?"

"పెద్దవారు. మీకెలా చెబుతానండీ?"

ఆవిడ లేచి నస్రీన్ బల్ల దగ్గరకు వెళ్లారు. నాకు ఆ క్షణాన కలిగిన దానికి మరో పేరు కోసం వెతికాను. అసూయ అనే రాయవలసి వచ్చింది. నాకు తెలియని సాఫ్ట్‌వేర్ ఆమెకు తెలిసినందుకు కాదు. దాన్ని నెలలో నేనూ నేర్చుకోగలను, నేర్చుకుంటున్నాను. నా పుస్తకాన్ని నాకంటే శ్రద్ధగా ఆమె చదివినందుకు.

రాసి ఉంచడం ఒక పని, రాసింది తిరిగి చదవడం మరొక పని. పన్నెండేళ్లు మొదటిది మాత్రమే చేసి, రెండూ చేశానని అనుకున్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇదే.

అయితే, అడగకుండా తీసుకోవడం అన్యాయం కాకుండా పోదు. కాబట్టి ఈ వ్యాసం ప్రతిని ఇరువురికీ అందజేస్తూ కోరుతున్నాను. నా కొలతల ఆధారంగా కట్టిన డిజైన్ల జాబ్ కార్డుల్లో నస్రీన్ పేరు పక్కన నా పేరు ఎందుకు ఉండకూడదో రహమత్ గారు ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. నస్రీన్ విడిగా లేఖ ఇవ్వనవసరం లేదు. ఆ రిజిస్టరులో ఇంతవరకు నా చేతిరాత తప్ప మరొకరిది లేదు. హంస పేజీలో తొమ్మిదో ట్రయల్ కింద స్థలం ఉంది. అక్కడ కుట్ల దూరం, అండర్‌లే దిశ, తేదీ తన చేత్తో రాసి, ట్రయల్ ముక్కను పిన్ను చేసి, పూర్తి పేరుతో సంతకం చేయవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను.