ఒటీలియా కాలి దారం

ఒటీలియా ఒకచోట కుదురుగా ఉండగా ఆమె కన్నతల్లి కూడా చూడలేదు. చర్చిలో అందరూ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడితే ఈ పిల్ల ఒంటికాలి మీద గిరగిరా తిరిగేది. తాత సంవత్సరీకం నాడు కొవ్వొత్తుల మధ్య పిల్లిమొగ్గ వేసి, తేనె కలిపిన గోధుమల పళ్లెం కాస్తా బోర్లా పడేసింది. పాదిరీగారు నవ్వాపుకోలేక చాలాసేపు దగ్గారు.

అమ్మ చెప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది. అందుకని పిల్ల భారమంతా అమ్మమ్మ సవేటా మీద పడింది. జిమ్నాస్టిక్స్ కోచ్ వెటూరియా పిల్లలను ఏరుకోవడానికి బాలబడికి వచ్చిన రోజున అమ్మమ్మ అక్కడే ఉంది. మిగతా పిల్లలంతా చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒటీలియా మాత్రం గుమ్మం పైకమ్మీ పట్టుకుని వేలాడుతోంది.

"ఈ కోతిపిల్ల ఎవరిది?" అంది వెటూరియా.

"నాదేనమ్మా. తీసుకుపోండి. మా ఇంట్లో నాలుగు గిన్నెలైనా మిగులుతాయి," అంది అమ్మమ్మ.

అలా తీసుకుపోయిన పిల్ల మళ్లీ ఇంటికి సెలవులకు తప్ప రాలేదు. కోట ఉన్న కొండ కింద పెద్ద హాలు, పక్కనే హాస్టలు, అందులో ఇనుప మంచాలు. పొద్దున బరువు తూచేవాళ్లు. ముల్లు కాస్త అటు జరిగితే ఆ పూట రొట్టె ఉండదు. రొట్టె లేకుండా చారు తాగడమంటే రొమేనియాలో పుట్టినవాళ్లకు శిక్షే. ఒటీలియా ఆకలికి ఏడవలేదు కానీ, వంటగది ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

గెంతమంటే గెంతేది, ఎగరమంటే ఎగిరేది. బార్ల మీద ఆమెకు ఎదురు నిలిచేవాళ్లు లేరు. చిక్కంతా దూలం దగ్గరే. అరచేతి వెడల్పు దూలం మీద పిల్లిమొగ్గ వేయడం ఎవరైనా నేర్పుతారు. వేశాక ఆగడం నేర్పడం మాత్రం వెటూరియా తరం కాలేదు. ఒక విన్యాసం పూర్తికాకముందే ఒటీలియా ఒళ్లు తర్వాతిదాని కోసం తొందరపడేది. కాలు కదిలేది, నడుము ఊగేది, పదో వంతు తర్వాత పదో వంతు మార్కులు రాలిపోయేవి. జట్టులో ఆరుగురికే చోటు. ఏటా వసంతంలో జరిగే ఎంపిక పోటీల్లో ఒటీలియా ఏడోది. ఏడో అమ్మాయి జట్టుతో పాటు విమానం ఎక్కుతుంది, జట్టు దుస్తులు వేసుకుంటుంది. తర్వాత గ్యాలరీలో కూర్చుంటుంది. కూర్చోవడం ఒక్కటే చేతకాని పిల్లకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరు మాత్రం వేయగలరు.

ఇక దారం సంగతి. వసంతం వస్తోందని ఆ దేశంలో ఆడవాళ్లంతా మార్చి నెలలో ఎరుపు తెలుపు దారం పెట్టుకుంటారు. మార్చి ఒకటిన అమ్మమ్మ బస్సెక్కి వచ్చి, ఎరుపు తెలుపు కలిపి తను పేనిన దారం మనవరాలి మణికట్టుకు కట్టేది. "చెట్టు పూతకొచ్చేదాకా విప్పకు. పూశాక కొమ్మకు కట్టి ఏదైనా కోరుకో. ముందే విప్పావో, ఆ ఏడాది నీది కాదు," అనేది.

పోటీలేమో పూతకు ముందే వచ్చేవి. పోటీలో దుస్తులు తప్ప ఒంటి మీద దారాలూ నగలూ ఉండకూడదని నియమం, ఉంటే మార్కుల్లో కోత. మిగతా అమ్మాయిలు బుద్ధిగా దారం విప్పి సంచీకి పిన్ను పెట్టుకునేవాళ్లు. ఒటీలియా విప్పేది కాదు. ఏటా పోటీకి వెళ్లే బస్సులో వెటూరియా కత్తెర తీసి, ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, దారం కత్తిరించి జేబులో వేసుకునేది. ఏటా ఒటీలియా ఏడో స్థానంలోనే ఆగిపోయేది. రెంటికీ లంకె ఉందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పదహారో ఏట ఆ లంకె పీకల మీదికి వచ్చింది. ఒళ్లు పెరుగుతోంది. పాత దుస్తులు భుజాల దగ్గర పట్టేస్తున్నాయి. వెనక నుంచి క్రీనా అనే బక్కపిల్ల దూసుకొస్తోంది. ఈసారి ఆరుగురిలో చేరకపోతే వచ్చే ఏడు హాస్టల్లో తనకు మంచం కూడా ఉండదని ఒటీలియాకు తెలుసు. అన్నేళ్ల పిల్లిమొగ్గలూ గ్యాలరీలో కూర్చోవడానికేనా అని కుమిలిపోయేది.

అందుకని ఆ ఏడు దారం చేతికి వద్దంది. "కాలికి కట్టు అమ్మమ్మా."

"కాలికేంటే? నువ్వేమైనా కోడిపిల్లవా?"

"కట్టు, చెప్తా."

చెప్పలేదు. ఎడమ చీలమండ ఎలాగూ నొప్పి, పోటీకి ముందు టేపు చుట్టక తప్పదు. దారం టేపు కింద దాక్కుంటుంది. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్లూ తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

బస్సులో వెటూరియా కత్తెరతో వచ్చింది. "ఏదీ చెయ్యి?"

"విప్పేశాను మేడమ్."

వెటూరియా కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఏమిటి, బుద్ధొచ్చిందా? జ్వరమేమైనా ఉందేమో చూసుకో."

"జ్వరం కాదు మేడమ్, భూకంపం," అంది పక్క సీటులో క్రీనా. "ఒటీ, కాలు ఊపడం ఆపవే. నీ వల్ల బస్సు ఊగుతోంది."

"బస్సు కాదు, నీ గుండె," అంది ఒటీలియా. కాలు మాత్రం ఆగలేదు.

వాల్ట్, బార్లు, ఫ్లోర్ విన్యాసాలు అయ్యేసరికి ఒటీలియా, క్రీనా ఆరో స్థానానికి జుట్టుజుట్టు పట్టుకునే స్థితికి వచ్చారు. మిగిలింది దూలం. సుద్దపొడి చేతులకు రాసుకుంటుంటే టేపు కాస్త జరిగినట్టు అనిపించింది. వంగి చూస్తే కోచ్ చూస్తుంది. చూడకపోతే దారం బయటపడుతుందేమో. తిట్టుకుంటూనే దూలం ఎక్కింది.

ఎక్కాక వింత జరిగింది. గట్టిగా కదిలితే టేపు జారుతుందన్న భయంతో ఆమె ప్రతి అడుగూ మెల్లగా వేసింది. వెనక్కి పిల్లిమొగ్గ వేసి, దిగి, ఆగింది. నిజంగానే ఆగింది. తొందరపడే ఒళ్లు ఎడమ చీలమండ చెప్పినట్టు వింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ ఆగింది. కింద నిలబడ్డ వెటూరియా నోటి మీద చెయ్యి వేసుకుంది. ఒంటికాలి మీద తిరిగి నిలబడ్డప్పుడు హాల్లో ఎవరో సీటు సర్దుకున్న చప్పుడు కూడా ఒటీలియాకు వినిపించింది. ఆ ఒక్క నిమిషం ఆమెకు ఎక్కడికీ పోవాలనిపించలేదు.

చివరి ఎగురు ఎగిరి పరుపు మీద అడుగు జరగకుండా దిగింది. చేతులు పైకెత్తి నిర్ణేతల వైపు తిరిగింది. అప్పుడే టేపు విడిపోయి, ఎరుపు తెలుపు కొస ఒకటి పాదం మీదికి జారింది.

ప్రధాన నిర్ణేత లావుపాటి పెద్దావిడ. ఆమె కోటు మీద కూడా మార్చి దారమే, ఎండుపూల గుత్తితో అందంగా గుచ్చి ఉంది. పక్కనున్న ముగ్గురి కోట్ల మీదా ఉన్నాయి. ఆవిడ ఒటీలియా కాలు చూసింది, నిట్టూర్చింది, తల దించి కోత రాసింది.

కోత లేకపోతే ఒటీలియా ఆరోది. కోతతో ఏడోది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఊగలేదు. క్రీనా తన వాటా రొట్టెముక్క ఒటీలియా ఒళ్లో పెట్టింది. వెటూరియా తిడుతుందని అందరూ కాచుకున్నారు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరు చేరాక మాత్రం, "నువ్వు నాతో రా," అని ఒటీలియాను హాలు వెనక్కి తీసుకెళ్లింది.

వెనక బొగ్గుల కొట్టు పక్కన మిరియాలంత మొగ్గలతో ఒక ఆల్‌బుఖారా చెట్టు ఉంది. అప్పుడే పూత విచ్చుకుంటోంది. అటువైపు అమ్మాయిలను ఎవరూ పోనివ్వరు. దాని కింది కొమ్మకు వరసగా దారాలు కట్టి ఉన్నాయి. పాతవి వెలిసిపోయి బూడిదరంగుకు వచ్చాయి. కొత్తదానిలో ఇంకా కాస్త ఎరుపు కనిపిస్తోంది. ప్రతిదాని కొసా కత్తెరతో తెగి ఉంది.

ఒటీలియా కొత్తదాని తెగిన కొస వేళ్లతో పట్టుకుని చూసింది. "ఇవన్నీ నావే."

"ఇంకెవరివి? ఇంత మొండిది నా చేతికి ఇంకొకతె దొరికిందా?" అంది వెటూరియా. "మా అమ్మ కూడా కట్టేది. పారేయడానికి నాకు చేతులు రాలేదు."

అంటే ఏ ఏడాదీ తన నుంచి పోలేదు. దారాలన్నీ పూతదాకా ఉన్నాయి, కొమ్మ ఎక్కాయి. ఏడోది అవడం దారం చేసిన పని కాదు. ఆ మాట ఒటీలియాకు కోత కంటే ఎక్కువ నొప్పి పుట్టించింది. పళ్లు బిగించి, కాలి దారం ముడి విప్పుకుంది.

"కట్టేటప్పుడు ఏదో కోరుకోవాలి కదా మేడమ్. నా బదులు మీరేం కోరుకున్నారు?"

వెటూరియా కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంది.

"ఏటా ఒకటే. ఈ పిల్ల దూలం మీద ఒక్కసారి కుదురుగా నిలబడాలని."

ఒటీలియా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది, మళ్లీ మారుతోంది.

"నిలబడ్డాను కదా మేడమ్," అంది చివరికి.

"నిలబడ్డావు," అంది వెటూరియా, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ. "అది కట్టి రా, చలేస్తోంది."

ఒటీలియా దారం పళ్ల మధ్య పెట్టుకుని చెట్టెక్కింది. పై కొమ్మ దాకా పోయింది. కింద నుంచి వెటూరియా దిగమని పిలుస్తూనే ఉంది. ఏం కోరుకోవాలో తోచక, కొమ్మ ఊగుతుండగా, ముడి వేయకుండా ఆమె అక్కడే కూర్చుంది.